తవుడు పోసి కొనని పిల్ల

నాకు పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా మా అమ్మ నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఈ మాట ఎవరితో అన్నా, అదృష్టవంతురాలివి అంటారు. కలకత్తాకి ఇవతల హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళతో అంటే మాత్రం అసలు నమ్మరు. మా లైన్లో తెల్లారేసరికి పంపు దగ్గర ఎవరో ఒక తల్లి కూతుర్ని పట్టుకుని "ఒలే గుంటా" అని మొదలుపెట్టేది. ఆ తిట్లు లైను ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపించేవి. ఏ పిల్ల వీపు మీద చెయ్యి పడిందో శబ్దాన్ని బట్టి చెప్పగలిగేవాళ్ళం. మా ఇంట్లోంచి మాత్రం ఎప్పుడూ అలాంటి చప్పుడు రాలేదు. మా అమ్మ నన్ను "తల్లీ" అనేది. నేను గాజుగ్లాసు పగలగొడితే "పోనీలే తల్లీ" అని ముక్కలు తనే ఏరుకునేది.

చిన్నప్పుడు అది ముద్దనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, అది భయమని. పరాయివాళ్ళ సొత్తు మీద చెయ్యి చేసుకోకూడదు కదా.

అపార్థం చేసుకోకండి, నేను మా అమ్మ కడుపున పుట్టినదాన్నే. మా శ్రీకాకుళం వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూ ఉంటే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. మాకొద్దు, పారేశాం అని చావుకి చూపించడం అన్నమాట. బయటివాళ్ళెవరో వచ్చి ఆ బిడ్డని ఎత్తుకుంటారు. అప్పుడు కన్నవాళ్ళు వెళ్ళి, ఆ ఎత్తుకున్న మనిషి ఒళ్ళో ఇంత తవుడు పోసి బిడ్డని కొనుక్కుంటారు. ఆ తర్వాత బిడ్డకి తవుడు పేరో, పెంట పేరో పెట్టేస్తారు. మావైపు ఏ ఊళ్ళో బడికి వెళ్ళి హాజరు పిలిచినా అలాంటి పేర్లు బోలెడు వినిపిస్తాయి. వాళ్ళంతా చావు కళ్ళు కప్పి కొనుక్కున్న పిల్లలే.

నాకు ముందు పుట్టినవాళ్ళెవరూ బతకలేదు. అందుకని నేను పుట్టిన కొద్దిరోజులకి మా నాయనమ్మ ఊరి నుంచి తెచ్చిన చేటలో నన్ను పెట్టి, క్వార్టర్ల వెనకున్న చెత్తకుప్ప మీద పడుకోబెట్టింది. మాఘమాసం మంచు. ఆ చెత్తకుప్పకి అవతల పెద్ద చెరువు, దాన్నిండా గుర్రపుడెక్క. చలికాలం ఎక్కడెక్కడి నుంచో పక్షులు వచ్చి ఆ చెరువులో వాలేవి. మా లైన్లోనే ఉండే ఒక పిన్ని వచ్చి నన్ను ఎత్తుకోవాలని ముందే అనుకున్నారు. ఆ పిన్ని తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, నిదానంగా బయల్దేరింది. పెళ్ళికి వెళ్తున్నాననుకుందో ఏమో.

ఈలోగా మంచులోంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో దుర్భిణి, భుజాన గుడ్డ సంచీ. పక్షుల బొమ్మలు గీసుకోవడానికి వచ్చిన జపాన్ అమ్మాయి. ఊరికి కొత్త, బెంగాలీ నేర్చుకోవడానికి కలకత్తా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. చెత్తకుప్ప మీద చేటలో పసిబిడ్డ ఏడుస్తుంటే మనిషన్నవాళ్ళు ఏం చేస్తారు? పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. కోటు విప్పి నన్ను అందులో చుట్టి, నా చెవి దగ్గర వాళ్ళ భాషలో ఏదో మాట అంది. నాయనమ్మ అది చూసి గుండె బాదుకుంటూ తవుడు తపేలాతో పరిగెత్తింది. ఎవరు ఎత్తుకుంటే వాళ్ళ దగ్గరే కొనాలి, ఆచారం అది. "పట్టమ్మా, పట్టు, ఒల్లో పట్టు" అని ఆ అమ్మాయి మీదికి తవుడు గుమ్మరించబోయింది. ఆ అమ్మాయికి ఏం అర్థమవుతుంది? పిల్లని కాపాడినందుకు ముసలమ్మ కొట్టడానికి వస్తోందనుకుంది. భయపడి, వంగి దణ్ణం పెట్టి, నన్ను నాయనమ్మ చేతుల్లో పెట్టేసి, తవుడు ముట్టుకోకుండా మంచులోకి పారిపోయింది.

నాయనమ్మ అక్కడే కూలబడిపోయిందట. "ఊరికినే ఇచ్చీసినాది," అందట. "ఊరికినే ఇచ్చినాది ఊరికినే పట్టుకుపోద్ది."

తర్వాత నన్ను మళ్ళీ కుప్ప మీద పడుకోబెట్టారు, పిన్ని ఎత్తుకుంది, తవుడు పోశారు, తవుడు పేరే పెట్టారు. ఆ పురిటిరోజుల్లో ఎవరొచ్చి అడిగినా మా ఇంట పిల్లే లేదని చెప్పాలని నాయనమ్మ లైనంతా కట్టడి చేసింది. అదీ ఆచారమే. గుమ్మంలో నిలబడి వినే చావుకి వినపడాలట. ఇన్ని చేసినా మా అమ్మ మనసు కుదుటపడలేదు. పురిటి గది కిటికీలోంచి తను అంతా చూసింది. ముందు ఎత్తుకున్నది ఆ అమ్మాయి, ఆమె చేతిలో తవుడు పడలేదు. తర్వాత చేసింది ఉత్త నాటకం అని అమ్మ లెక్క. బిడ్డ దగ్గర ఇనుము ఉంచాలంటారు కదా, ఇంట్లో వేరే ఇనుము లేనట్టు మా నాన్న పాత స్పేనర్ ఒకటి నా తలగడ కింద పెట్టింది. నాన్న యార్డులో వేగన్లు బాగుచేసే ఫిట్టరు. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు కూడా ఆ స్పేనర్ నా తలగడ కిందే ఉంది.

నాన్న ఎర్రజెండా యూనియన్ మనిషి. ఇవన్నీ విని నవ్వేవాడు. "తవుడుకి పిల్లల్ని కొనుక్కున్నోలకి విప్లవం ఎందుకొస్తాదే, రాదు," అనేవాడు. హౌరాలో దిగిన ఊరివాళ్ళ దగ్గర పాత తెలుగు వారపత్రికలు అడిగి తెచ్చి, వాటితోనే నాకు అక్షరాలు నేర్పాడు. బళ్ళో బెంగాలీ, ఇంట్లో ఈ చిరిగిన పత్రికలు. అలా రెండూ వచ్చాయి నాకు.

ఎనిమిదో తరగతిలో మా బడి లైబ్రరీలో ఒక బెంగాలీ పుస్తకం దొరికింది. జపాన్ నుంచి అనువాదం, ఈడొచ్చిన పిల్లల కోసం రాసిన నవల. అట్ట మీద చెరువు, పక్షులు, ఒడ్డున ఒక చేట. మొదటి పేజీ చదివి మళ్ళీ మొదటి పేజీకే వచ్చాను. రైలుపట్టాల పక్కన చెరువు, మంచు, చెత్తకుప్ప మీద చేటలో ఒక పాప. పెద్దగా అరిచే ముసలావిడ. ఆ పాపని రైల్వే పనివాళ్ళు పెంచుతారు. పాప తలగడ కింద ఒక ఇనప పనిముట్టు పెట్టుకుని పడుకుంటుంది.

మొదటి సంగతులు ఆమె చూసినవే అనుకోవచ్చు. ఆ స్పేనర్ మాట ఆమెకి ఎవరు చెప్పారు? ఆ అమ్మాయి మా గుమ్మం తొక్కలేదు.

ఇంటికొచ్చి సగం నవ్వుతూ అమ్మకి చెప్పాను. అమ్మ చేపలు కడుగుతోంది. కడగడం ఆపేసింది. "ఎవురు రాసినారు?" అంది. వెనక అట్ట మీద రచయిత్రి ఫోటో ఉంది. పొట్టి జుట్టు, సన్నటి ముఖం. నాయనమ్మకి అప్పటికి చూపు సగం పోయింది. పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని చూసింది.

"ఇదే. ఆ సెవులే. సేటంత సెవులు," అంది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ రచయిత్రి ఒక మనిషి అయిపోయింది. ఆమె పుస్తకాలు జపాన్‌లో రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకటి వచ్చేవి, అన్నిట్లోనూ ఆ పిల్లే. ఆమె ఏ కథ రాసినా నా మీదే రాస్తున్నట్టుండేది. బెంగాలీలోకి తెచ్చే ఆవిడ దక్షిణ కలకత్తాలో సాయంత్రాలు జపనీస్ పాఠాలు చెబుతుందని పుస్తకం మీదే వేశారు. పన్నెండో తరగతి పరీక్షలయ్యాక వెళ్ళి ఆవిడ దగ్గర చేరిపోయాను. ఇంట్లో ఉద్యోగం కోసం అని చెప్పాను. నిజానికి నాకు అనువాదం వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. దీదీమణి అని పిలిచేవాళ్ళం ఆవిడని. రచయిత్రి సంగతులన్నీ ఆవిడ నోటే విన్నాను. బెంగాలీ చదువు సగంలో ఆపి వాళ్ళ దేశం వెళ్ళిపోయిందట. చాలా ఏళ్ళు శిశుపాఠశాలలో పని చేసిందట. తర్వాత ఉన్నట్టుండి మొదటి నవల రాస్తే ఏదో చిన్న బహుమతి వచ్చిందట. అక్కడి బడిపిల్లలు చేటలో పిల్లకి తర్వాత ఏమైందో చెప్పమని వెంటపడ్డారట. పెళ్ళి చేసుకోలేదు. వేరే కథ రాయమని అడిగితే, ముందు ఈ పిల్లని పెంచనివ్వండి అనేదట.

దీదీమణి ఆ మాట ముచ్చటగా చెప్పింది. నాకు మాత్రం అది ముచ్చటగా వినపడలేదు.

రెండో పుస్తకంలో ఆ పిల్ల గుర్రపుడెక్కని నేల అనుకుని అడుగేసి చెరువులో పడుతుంది. అడుగున సీసాపెంకు కోసుకుని కుడి చీలమండ కింద వంకర గాటు పడుతుంది. నేనూ అలాగే పడ్డాను, అక్కడే కోసుకుంది. బెంగాలీలో చదివినప్పుడు, పిల్లలన్నాక చెరువుల్లో పడరా అని సర్దుకున్నాను. దీదీమణి దగ్గర చేరాక జపనీస్ ప్రతి చూశాను. జపాన్‌లో ఆ పుస్తకం అచ్చయిన ఏడు నా కాలికి ఇంకా ఆ మచ్చ లేదు. ఆ రోజు దీదీమణి ఇంట్లో టీ తాగకుండా వచ్చేశాను.

మూడో పుస్తకం అంతకన్నా ఘోరం. అందులో ఆ పిల్ల పొద్దున్నే మంచులో చెరువుగట్టు మీద నడుస్తూ ఉంటే, వెనక ఎవరో నడుస్తున్నట్టు అనిపిస్తుంది. తనకన్నా ఒక ఏడు చిన్న పిల్ల. తను అడుగేసిన చోటే అడుగేస్తూ వస్తుంది. ఈ పిల్ల ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడదు. "నేను చూస్తే అది ఆగిపోతుంది, పాపం, అది ఎక్కడికి పోతుంది?" అనుకుంటుంది.

ఆ పుస్తకంలో పిల్లకి నాకన్నా ఒక ఏడు ఎక్కువ, అంటే వెనక నడిచే పిల్లని నేనే. అప్పటిదాకా పుస్తకంలో పిల్ల నా నీడ అనుకునేదాన్ని. ఆ పుస్తకం ప్రకారం నీడని నేను.

ఆ శీతాకాలంలో ఒక ఉదయం లోకల్ అందుకోవడానికి గట్టు మీద వెళ్తున్నాను. మంచు ఎంత ఉందంటే ఇంజను కూత వినిపిస్తోంది గాని ఏ దిక్కో తెలియడం లేదు. మంచుకి తడిసిన మట్టిలో నా ముందు పాదముద్రలు ఉన్నాయి. చెప్పుల్లేని కాళ్ళు, ఆడపిల్లవి. నీళ్ళు ఇంకా వాటిల్లోకి ఊరుతున్నాయి, అంటే అప్పుడే వేసిన అడుగులు. చెప్పు తీసి నా కుడికాలు ఒక ముద్రలో పెట్టి చూశాను. ఎందుకు పెట్టానో అడక్కండి, పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి వెనక్కి పరిగెత్తాను. చెప్పు గట్టు మీదే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకునే ధైర్యం లేకపోయింది.

ప్రతి పుస్తకాన్నీ నేను అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. చెప్పనంటే ఊరుకునేది కాదు. పొయ్యి ముందు కూర్చుని, కూర కలుపుతూ, ఒక్క మాట అడ్డం రాకుండా వినేది. అయ్యాక "గుంట బాగుంది కదా?" అని మాత్రం అడిగేది. పుస్తకంలో పిల్ల బాగుంటే నా చేతిలో అన్నం ముద్ద పెట్టేది. నన్ను ఎప్పుడూ తల్లీ అనే మనిషి దాన్ని గుంట అనడం నాకు నచ్చేది కాదు. దాని మీద నాకు ఈర్ష్యగా ఉండేది. కాగితం పిల్ల మీద ఈర్ష్య ఏమిటని నవ్వకండి. మా అమ్మ నోటి వెంట ఆ పిలుపు కోసం నేను ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు.

నాకు పందొమ్మిది నిండబోతుండగా ఆఖరి పుస్తకం వచ్చింది. దీదీమణి ఆఖరి పేజీలు నా ముందు పెట్టి, "ఇది నేను అనువాదం చేయలేను, చేతులు రావడం లేదు" అంది. చదివాను. చెరువు మీద మంచు. ఎవరో ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తారు. మళ్ళీ పిలుస్తారు. అలా పిలిచేదాన్ని బెంగాలీవాళ్ళు నిశి అంటారు. మంచులోనూ చీకట్లోనూ తెలిసిన గొంతుతో పిలుస్తుంది, కానీ రెండుసార్లే పిలవగలదు. అందుకే అక్కడ ఎవరైనా మూడో పిలుపుకి గాని పలకరు. మా ఇంట్లోనూ అదే అలవాటు. పుస్తకంలో పిల్లకి ఆ సంగతి తెలుసు. తెలిసీ రెండో పిలుపుకి పలుకుతుంది. గుర్రపుడెక్క మీద అడుగేసి, అది నేలే అన్నట్టు నడుచుకుంటూ మంచులోకి వెళ్ళిపోతుంది. గట్టు మీద ఆ పిల్ల అడుగులు మిగిలి ఉంటాయి. వాటి వెనకే వస్తున్న చిన్న అడుగులు గట్టు చివర ఆగి ఉంటాయి.

"ఎందుకిలా చంపేసింది?" అన్నాను.

"ప్రచురణకర్త చెప్పాడట," అంది దీదీమణి. "పిల్ల ఇరవై దాటితే అది ఈడుపిల్లల నవల కాదు, ఇక ముగించమని."

చావు కళ్ళు కప్పడానికి మావాళ్ళు చేటలూ తవుడూ పట్టుకు తిరిగితే, నా ఆయువు ఎక్కడో ఒక ప్రచురణ సంస్థ వయోపరిమితిలో ఉందన్నమాట. నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాను.

అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. కానీ అమ్మ నా ముఖం చూసి అడిగింది, చెప్పాను. కూర మాడిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ నన్ను ఒంటరిగా గుమ్మం దాటనివ్వలేదు. స్టేషన్‌కి వస్తుంది, కాలేజీ బయట కూర్చుంటుంది, నా చున్నీ కొస తన చీరకొంగుకి ముడేసుకుని పడుకుంటుంది. మనిషి సగమైపోయింది. నాయనమ్మ అప్పటికి లేదు, అమ్మకి సర్దిచెప్పేవాళ్ళు లేరు. నాకు కోపం నషాళానికి అంటింది. నా పిరికితనం చాలదన్నట్టు ఆవిడదీ మోయాలా?

"ఏనాడైనా నన్ను నీ కూతురనుకున్నావేటి నువ్వు?" అని అరిచాను ఒకరోజు.

అమ్మ నెమ్మదిగా చెప్పింది. "నేదు తల్లీ. అనుకుంతే దానికి తెలిసిపోద్ది. నాది కాదు, నాది కాదు అనుకుంతనే పెంచినాను. లేకపోతే ఇన్నాల్లు నిన్ను ఉంచీదేటి?"

అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను.

ఆ మాఘమాసంలోనే, మైదానంలో పుస్తకాల సంత జరుగుతున్నప్పుడు, ఆ రచయిత్రి కలకత్తా వస్తోందని దీదీమణి చెప్పింది. బెంగాలీ పాఠకుల కోసం ఒక మధ్యాహ్నం స్టాల్లో కూర్చుంటుందట. ఇంట్లో ఆ మాట అన్నాను. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ నాన్న సైకిలు వెనక ఒక గుడ్డమూట కట్టుకొచ్చాడు. టికియాపారాలో గేదెల పాకలవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన తవుడు. మూట గడప లోపల పెట్టి, "జల్లించి ఇచ్చినారు, పురుగు నేదు," అని నాన్న స్నానానికి వెళ్ళిపోయాడు. విప్లవం మాట ఎత్తలేదు.

అమ్మా నేనూ లోకల్లో హౌరా వచ్చి, లాంచీలో గంగ దాటి, మైదానం దాకా నడిచాం. అమ్మ నెత్తిన కొత్త చేట, చేటలో తవుడు, పైన తువ్వాలు కప్పింది. సంతలో జనం, దుమ్ము. స్టాలు ముందు బడిపిల్లల వరస, అందరి చేతుల్లోనూ పుస్తకాలు. మా చేతిలో చేట. వాలంటీరు కుర్రాడొకడు తినేవి లోపలికి తేకూడదన్నాడు. ఇది గేదెలు తినేదని అమ్మ చెప్పింది. అతను పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

బల్ల వెనక చిన్న మనిషి. జుట్టు నెరిసింది. నాయనమ్మ చెప్పిన చెవులు. వంగి సంతకాలు చేస్తోంది. అమ్మ ఆమె ముందుకొచ్చి తువ్వాలు తీసింది. ఆమె ముందు చేటని చూసింది. తర్వాత అమ్మని చూడలేదు, నన్నూ చూడలేదు. బల్ల మీదుగా ముందుకి వంగి నా పాదాల వైపు చూసింది. నేను చెప్పు విడిచి కుడికాలు ముందుకి పెట్టాను. మచ్చ చూసింది. బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"బతికే ఉందా?" అంది బెంగాలీలో.

వాళ్ళిద్దరూ బెంగాలీలోనే మాట్లాడుకున్నారు. ఆమెది పుస్తకాల బెంగాలీ, అమ్మది చేపల బజారు బెంగాలీ. "మర్నాడు మళ్ళీ వచ్చాను," అంది ఆమె. "పిల్లని నాతో తీసుకుపోదామని వచ్చాను. కుప్ప మీద ఖాళీ చేట ఉంది. కాకులు తిరుగుతున్నాయి. ప్రతి తలుపూ తట్టాను. ఒక్కొక్కరూ చెయ్యి ఊపి, ఇక్కడ పిల్లే లేదన్నారు. పారేసినవాళ్ళ చేతుల్లోనే నేను తిరిగి పెట్టానని అర్థమైంది. చంపేశారనుకున్నాను. నేనే చంపించాననుకున్నాను."

తర్వాత ఆమె ఏం చేసిందో నేను అప్పటికే చదివేశాను. బతికి ఉంటే వచ్చే ఏడు దానికి ఎన్నేళ్ళు వస్తాయో లెక్కేసుకుని, ఆ వయసు ఇచ్చి ఒక పుస్తకం రాసేది. మళ్ళీ పెరిగిందనుకుని ఇంకొకటి. నా ప్రాణం ఎవరి చేతిలో ఉందని మా అమ్మ వణికిందో, ఆ మనిషి జీవితమంతా కూర్చుని చేసిన పని చచ్చిపోయిన నన్ను బతికించుకోవడం. ఆఖరికి అలసిపోయి, ప్రచురణకర్త మాట విని, వదిలేసింది.

ఆ పిల్లే లేదన్న మాట అమ్మకి తగిలింది. అందుకు జవాబు ఆవిడకి బెంగాలీలో రాలేదు. తెలుగులో అంది.

"సావు వింటాదని అలాగన్నాం. నువ్వు విన్నావు."

నేను ఆ మాట బెంగాలీలో చెప్పాను. ఆమె రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఆగింది. ఆమె చేతులు దించేదాకా ఆగి, "పట్టమ్మా," అంది నాయనమ్మ లాగే. ఈసారి ఆమెకి అర్థమైంది. వాళ్ళ దేశపు పద్ధతిలో రెండు చేతులూ కలిపి ముందుకి చాచింది. అమ్మ దోసిలితో తవుడు తీసి ఆ చేతుల్లో పోసింది. పొంగి సంతకాలు చేయాల్సిన పుస్తకాల మీద పడింది. "ఇదిప్పుడు నీ పిల్ల అని చెప్పు," అంది అమ్మ. ఆమె చెప్పింది. మూడు ముక్కల బెంగాలీ. నీ పిల్ల, తీసుకో.

ఆ తర్వాత ఆమె నా వైపు తిరిగి నోరు తెరిచింది. పుస్తకాల్లో పిల్ల పేరుతో నన్ను ఒక్కసారి పిలవాలనుకుంది, నాకు తెలిసిపోయింది. పసికందుగా నా చెవిలో అన్న మాట కూడా అదేనేమో. అమ్మ చెయ్యి పైకెత్తి వద్దంది. ఆమె తలవంచి, మానేసింది. పిలవలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తు, ఎందుకంటే తర్వాత ఎన్ని పిలుపులు వచ్చాయన్న లెక్క దాని మీదే ఆధారపడి ఉంది.

తిరిగి వస్తూ లాంచీ ఎక్కేసరికి పొద్దు వాలిపోతోంది. నది మీద మంచు దిగుతోంది, హౌరా దీపాలు మసకగా ఉన్నాయి. అమ్మ ఖాళీ చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను అంచున కటకటాల దగ్గర నిలబడ్డాను. నీళ్ళ మీద గుర్రపుడెక్క దుబ్బులు కొట్టుకొస్తున్నాయి, గంగలో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటి వైపు నుంచి ఎవరో పిలిచారు. ఆ పుస్తకాల్లో పిల్ల పేరు. జపాన్‌లో తప్ప ఎవరూ పిలవని పేరు. గొంతు ఆ రచయిత్రిది కాదు. ఒక ఈడుపిల్లది, నాకన్నా ఒక ఏడు పెద్దదై ఉంటుంది, బాగా తెలిసిన గొంతు. నేను కటకటాల మీదుగా వంగాను. ఏమీ కనిపించలేదు. రెండోసారి పిలిచింది, ఇంకొంచెం దగ్గర్నుంచి. జాలిగా, తనొక్కతే ఉన్నట్టు పిలిచింది. నాకు జాలేసింది. దాన్ని అందరూ వదిలేశారు కదా. పలకడానికి నోరు తెరిచాను.

చెంప ఛెళ్ళుమంది.

"ఒలే గుంటా! నీల్లల్లో పడి సస్తావేటే? కల్లు కనపడతన్నాయా నేదా నీకు? ఎన్నిపాల్లు సెప్పాల, అంచుకి ఎల్లకని?" అమ్మ నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. వీపు మీద ఇంకొకటి వేసింది. లాంచీలో అందరూ తిరిగి చూశారు. పెళ్ళీడు పిల్లని అలా కొడతారా అని ఎవరో ముసలాయన అమ్మని మందలించాడు. "నా గుంటని నాను కొట్టుకుంతే నీకేటి?" అని అమ్మ అచ్చ తెలుగులో ఆయన మీద పడింది.

నా చెవి గుయ్యిమంటోంది. మూడో పిలుపు వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చినా వినిపించే సందు అమ్మ ఇవ్వలేదు. నేను భోరుమని ఏడ్చాను. నొప్పికి ఏడుస్తున్నాననుకుని అమ్మ ఇంకో రెండు తిట్టింది. హౌరాలో దిగేదాకా తిట్టింది, లోకల్లో తిట్టింది, సంత్రాగాఛిలో దిగి గట్టు మీద నడుస్తూ కూడా తిట్టింది. నేను ఒక్కసారి కూడా ఆపమనలేదు.